మెసయీద్ ఆడవాళ్ళ జబ్బు

శుక్రవారం మధ్యాహ్నం. దోహాలో తెలుగు చర్చి సహవాసం ముగించుకుని మెసయీద్ కంపెనీ క్వార్టర్స్‌కి తిరిగి వెళ్తున్న కారులో నిత్యానందం, అతని భార్య ఎవాంజెలిన్.

“అది కాదండీ నేనడిగేది. ఎల్లుండి మీటింగ్‌లో ఆ మాట అడుగుతారా, అడగరా?”

“ఏ మాట?”

“ఇందాకట్నించీ నేను మొత్తుకుంటున్న మాటే. లూపుకి కంపెనీ ఇన్సూరెన్స్ ఇమ్మని.”

“కాస్త మెల్లిగా.”

“కారులో మనిద్దరమే ఉన్నాం. అమ్ము ఆడుకుంటూ మోనికా వాళ్ళింట్లో ఉండిపోయిందిగా. ఎవరు వింటారు, ఏసీ వింటుందా?”

“ముందు కెమెరా ఉంది. మాట్లాడించకు.”

“కెమెరా స్పీడు చూస్తుందండీ, మన మాటలు వినదు.”

“సరే, అడుగుతాన్లే.”

“అడుగుతాన్లే అంటే అడగరని. నాకు తెలీదా మీ సంగతి? పోయినేడాదీ అడుగుతాన్లే అన్నారు.”

“పోయినేడాది అజెండాలో లేదు.”

“ఈయేడు ఉందా?”

“లేదు.”

“అజెండా రాసేదెవరు?”

“నేనే.”

“బాగుంది.”

“ఎవాంజెలిన్, నువ్వనుకున్నంత తేలిక కాదే. ఆఫీసులో నా పనేంటి? ఇన్సూరెన్స్ కార్డులు పంచడం, బిల్లులు పంపడం. పాలసీలో ఏముండాలో చెప్పడానికి నేనెవర్ని?”

“ఇన్సూరెన్స్ వాళ్ళొచ్చి మీ ఎదురుగా కూర్చుంటారు. మేనేజరు మీవైపు చూసి ‘ఏం నిత్యా, ఓకేనా’ అంటాడు. మీరే చెప్పారు నాకు.”

“ఓకేనా అన్నప్పుడు ఓకే అనడానికే నన్ను కూర్చోబెడతారు.”

“ఈసారి ఆగమనండి. ఒక్క మాటుంది సార్ అనండి.”

“ఏమని? సార్, మన క్వార్టర్స్‌లో ఆడవాళ్ళకి పిల్లలు పుట్టకుండా... ఆయన ముందా? ఆయనకి ఏడుగురు పిల్లలే తల్లీ.”

“వాళ్ళావిడ అలిసిపోయుంటుంది. ఇంటికెళ్ళి ఆవిడ్నొకసారి అడగమనండి.”

“నవ్వించకు.”

“నేను నవ్వట్లేదు. సుసన్న ఇవాళ నా పక్కనే కూర్చుంది. పాట పాడుతూ పాడుతూ మధ్యలో ఆగిపోయింది. ఆయాసం. చూశారా మీరు?”

“మగాళ్ళ వైపు నుంచి ఏం కనబడుద్ది?”

“ఏమీ కనబడదు. అదే చెప్తున్నా.”

“దానికి నేనేం చెయ్యను? గుండె డాక్టరు దగ్గరికి వెళ్తోందిగా. ఆ బిల్లులన్నీ పాస్ చేస్తూనే ఉన్నాను. ఒక్కటి ఆపానా?”

“ఆపలేదు. గుండెకి ఇస్తున్నారు. రెండో కాన్పులో ఆ గుండె దెబ్బతింటే దానికీ ఇచ్చారు. బిడ్డని అద్దాల పెట్టెలో పెడితే దానికీ ఇచ్చారు. మళ్ళీ నెల తప్పితే ప్రాణానికి పూచీ లేదని డాక్టరమ్మ చెప్పింది. బిళ్ళలు ఆ గుండెకి పడవంది, లూపు వేస్తానంది. దానికి మాత్రం లేదు. ఇవ్వరు. ఇదేం తెలివండీ?”

“ఇన్సూరెన్స్ అంటే జబ్బుకి. పిల్లలు వద్దనుకోవడం జబ్బు కాదు.”

“కాన్పు జబ్బా?”

“అదీ...”

“చెప్పండి. కాన్పు జబ్బా?”

“కాన్పు ఖర్చు. పెద్ద ఖర్చు. అందుకని ఇస్తారు.”

“పెద్ద ఖర్చుకి ఇచ్చేవాళ్ళు చిన్న ఖర్చుకి ఎందుకివ్వరు?”

“నన్నడిగితే? పాలసీ రాసింది నేనా? ఎవరో ఎక్కడో కూర్చుని రాస్తారు. కుటుంబ నియంత్రణ వర్తించదు అని ఒక లైను. సంవత్సరాల తరబడి అలాగే వస్తోంది. అసలు దేశం మొత్తానికి ఒక రూలు పెట్టేసి, ప్రతి ఇన్సూరెన్సూ దీనికి ఇచ్చి తీరాలి అంటే నాకీ గోల ఉండేది కాదు. నేను నోరు తెరిచే పనే లేదు. ఏ ఆడపిల్ల పేరూ ఎవరి ముందూ పెట్టక్కర్లేదు.”

“రూలొచ్చేదాకా సుసన్న ఆగాలా?”

“నేనలా అన్లేదు.”

“ఆ రిజెక్టయిన కాగితం మీ దగ్గరికే వచ్చుండాలే?”

“వచ్చింది.”

“వస్తే ఏం చేశారు?”

“ఏం చేస్తాను? ఫైల్లో పెట్టాను.”

“ఫైల్లో పెట్టారు.”

“వాళ్ళాయన సైలస్‌కి జీతం వస్తోందిగా. క్రేన్ ఆపరేటరు. చేతి డబ్బు పెట్టి వేయించుకోవచ్చు. అదేం మోయలేనంత బరువు కాదు.”

“అక్కడే ఉంది తిరకాసు. సైలస్ ఏమన్నాడో తెలుసా? కార్డులో వస్తే వేయించుకో, రాకపోతే ఊరుకో అన్నాడు.”

“అదేం మాట?”

“అదే వాడి మాట. కార్డు ఇస్తే వైద్యం, కార్డు ఇవ్వకపోతే ఆడదాని పంతం. పంటికి ఇస్తున్నారు, కంటికి ఇస్తున్నారు, దీనికి మాత్రం వద్దన్నారంటే చెయ్యకూడని పనేగా అంటాడు. అంత పెద్ద కంపెనీవాళ్ళకి తెలీదా, నీకే తెలిసిందా అని దాని మీదకి లేస్తాడు. డబ్బు కోసం కాదండీ. ఆ కార్డే వాడికి పాస్టరుగారైపోయింది.”

“కాన్పు ఆపరేషన్ చేసేటప్పుడే అయిపోయేది. అప్పుడే ట్యూబులు కట్టించేసుంటే...”

“భర్త సంతకం కావాలన్నారు. పెన్ను పట్టుకుని కూర్చున్నాడట, పెట్టలేదు. ఇండియా నుంచి వాళ్ళమ్మ ఫోన్లో ఏడ్చిందట.”

“అయితే మగాడైనా కాస్త... అంటే... వాడైనా జాగ్రత్తగా...”

“ఊఁ, చెప్పండి.”

“వదిలెయ్.”

“పూర్తిగా చెప్పండి.”

“వదిలెయ్ అన్నానా.”

“చూశారా? పెళ్ళాం ముందే మీకు నోరు పెగలట్లేదు. మీరెళ్ళి సైలస్‌తో ఆ మాట చెప్తారా?”

“చెప్పను.”

“మరి?”

“వక్రా వచ్చింది. కరక్ టీ తాగుదాం. తల పట్టేసింది.”

“మాట తప్పించకండి.”

“తప్పించట్లేదు. తాగుతూ తిట్టు. రెండు కరక్, భాయ్. ఒకటి చక్కెర తక్కువ.”

“రెండిట్లోనూ తక్కువే చెప్పండి. మీకు షుగర్ అంచులో ఉందన్నారు.”

“రెండూ తక్కువే, భాయ్. ఊఁ, యల్లా, తిట్టు.”

“తిట్టే ఓపిక నాకూ లేదండీ. ఇవాళ మళ్ళీ ముందుకి పిలిచారు నన్ను.”

“చూశాను.”

“మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, నలుగురు ఆడవాళ్ళు తలమీద చేతులేసి, పాస్టరుగారు గొంతెత్తి, ఈ సహోదరి గర్భాన్ని తెరువు తండ్రీ అని. అందరూ ఆమేన్, ఆమేన్. నాకు మెడ పట్టేసింది. లేచేసరికి మీరేమో కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎన్నేళ్ళిలా? ఆపమని చెప్పలేరా?”

“మా అమ్మ ఫోన్ చేసి పాస్టరుగారికి చెప్తుంది. నేనాపితే ఎందుకాపావంటుంది. దానికేం చెప్పను?”

“మీకు ఇంకో బిడ్డ కావాలని ఉందా?”

“ఇప్పుడెందుకది?”

“ఉందా, లేదా?”

“ఉంది. అమ్ముకి తోడుంటే బాగుండు అని ఉంది. ఎప్పట్నించో ఉంది. అయితే ఏంటి? సుసన్న సంగతి మాట్లాడుతూ ఇటెందుకొచ్చావు?”

“ఊరికే అడిగాను.”

“కరక్ తీసుకో. వేడిగా ఉంది, మూత తియ్యకు.”

“ఒకటి చెప్పండి. ఇదివరకు వచ్చేదిగా? లలితకుమారిగారికి వచ్చింది. మోనికాకి వచ్చింది. మన వెనక బ్లాకు ఆఫియాకి వచ్చింది. ఇదే కార్డు, ఇదే క్లినిక్. సుసన్న దగ్గరికొచ్చేసరికి ఏమైంది?”

“ఏమైందంటే...”

“బ్లీడింగ్ అని రాస్తే వచ్చేది. అవునా?”

“నీకెవరు చెప్పారు?”

“క్వార్టర్స్‌లో తెలీని ఆడది ఎవరండీ? నెలసరిలో ఎక్కువ పోతోందని చెప్తే డాక్టరమ్మ అలాగే రాస్తుంది. పోవడం తగ్గడానికీ ఆ లూపే వేస్తారట. జబ్బు పేరు పెడితే కార్డు ఇస్తుంది.”

“ఇచ్చేది. ఖలాస్, అదైపోయింది. ఇప్పుడు స్కానింగ్ కావాలంటున్నారు, రక్తపరీక్ష కావాలంటున్నారు. సుసన్నకి రక్తం బాగానే ఉంది. ఎక్కడ్నించి తెమ్మంటావు బ్లీడింగు?”

“ఎందుకు మార్చారు?”

“ఖయ్యూమ్ పట్టేశాడు. ఇన్సూరెన్స్ తరఫున వచ్చేవాడు, హైదరాబాదు ఆయన. పోయిన నెల ఆఫీసుకొచ్చాడు. టీ తాగుతూ నవ్వుతూ అడిగాడు. నిత్యానందం భాయ్, దుఖాన్‌లో మా కార్డులున్నాయి, దోహాలో ఉన్నాయి, ఎక్కడా లేదు. మీ మెసయీద్ ఆడవాళ్ళకే ఈ జబ్బేంటి భాయ్, నీళ్ళల్లో ఏమైనా ఉందా అని.”

“మీరేమన్నారు?”

“ఏమంటాను? వేడి ఎక్కువ, ఫ్యాక్టరీల గాలి అన్నాను.”

“అయ్యబాబోయ్.”

“నవ్వాడు. నవ్వి, ఈ తమాషా ఎవరితో మొదలైందో మాకు కావాలి భాయ్, మొదటి కేసు ఎవరిదో చూసి చెప్పు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేనేజరుక్కూడా చెప్పాడు. ఆదివారం మీటింగ్‌లో అసలు సంగతి అది. ఇప్పుడు తెలిసిందా? నేను వెళ్ళి లూపు గురించి ఎత్తితే, ఆహా, నువ్వే ఎత్తావు కాబట్టి నువ్వే చెప్పు, మొదలుపెట్టింది ఎవరు అంటారు. మూసుకుని కూర్చుంటే స్కానింగులు అడిగి ఊరుకుంటారు. ఎవరి ఉద్యోగమూ పోదు.”

“ఉద్యోగం పోతుందా?”

“అబద్ధం కాగితం మీద ఇన్సూరెన్స్ తీసుకుంటే మోసం అంటారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే నెల తిరక్కుండా సామాను సర్దుకోవాలి. అమ్ము స్కూలు మధ్యలో ఉంది. నేను నోరు మూసుకున్నానంటే పిరికితనమని నీకనిపిస్తుంది. పిరికితనమే. కాదన్ను. అలిసిపోయానే. పదిమంది బాధలు నా టేబుల్ మీదకొస్తాయి, ముద్ర వేసి పంపడం తప్ప నా చేతిలో ఏముంది?”

“మీరు చెప్పకపోయినా నేను ఊరుకోనండీ. సుసన్న ఇద్దరు పిల్లలూ ఇవాళ చర్చిలో నా ఒళ్ళో కూర్చున్నారు. చిన్నదానికి పళ్ళు కూడా సరిగ్గా రాలేదు. సుసన్నకి ఏదైనా అయితే నేను ఆ పిల్లల మొహాలు చూడలేను. నిజం చెప్తే ఎవరైనా ఒప్పుకుంటారుగా? అబద్ధం చెప్పింది డబ్బు దోచుకోవడానికి కాదు, దారి లేక చెప్పారు, సూటి దారి తెరవండి, ఇక ఎవరూ అబద్ధమాడరు అని అడగండి.”

“అలా అడగాలంటే ఒక పేరు కావాలి. మేనేజరు నాకు ముందే చెప్పేశాడు. గాలి మాటలు వద్దు, ఒక మనిషి, ఒక కేసు చూపించు, నేను పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. ఆయనంత చెడ్డవాడు కాదు. కానీ పేరెవరిస్తారు? సుసన్న ఇస్తుందా?”

“సైలస్ దాన్ని ఇండియా పంపించేస్తాడు.”

“లలితకుమారిగారు?”

“అడిగాను. రావాలి వదినా, అందరికీ రావాలి, కానీ మా సుబ్బారావుగారు ఇంజినీరు కదా, నా పేరొద్దు అంది.”

“మోనికా?”

“మోనికా ఆ మాటెత్తితేనే లేచి వెళ్ళిపోతోంది.”

“మరి? అందుకే అంటున్నా. కరక్ తాగు, ఇంటికి పోదాం.”

“నా పేరు రాయండి.”

“ఏంటి?”

“నా పేరు. ఎవాంజెలిన్, నిత్యానందం భార్య. రాయండి.”

“నీకు నిజంగా బ్లీడింగ్ ఉండి వేశారు. తగ్గాక తీసేశారు. నీ సంగతి వేరు. బండి ఎక్కువసేపు ఇక్కడ ఆపకూడదు, వెనకవాడు హారన్...”

“ఎవరూ హారన్ కొట్టట్లేదు. వినండి.”

“ఇంటికెళ్ళాక విందాం.”

“ఇంటికెళ్తే చెప్పలేను. అయిదేళ్ళనించి ఇంటికెళ్ళాక చెప్దాం, ఇంటికెళ్ళాక చెప్దాం అనుకుంటూనే ఉన్నాను.”

“ఎవాంజెలిన్, వద్దు. కొన్ని మాటలు చెప్పకపోయినా జరిగిపోతుంది.”

“సుసన్నకి జరగదు. నాకు బ్లీడింగ్ లేదండీ. ఎప్పుడూ లేదు. లూపు తియ్యనూ లేదు. తీసేశారని మీకు అబద్ధం చెప్పాను. ఇప్పటికీ ఉంది.”

“ఏసీ కాస్త పెంచనీ.”

“అమ్ము పుట్టాక నేను మనిషిలా లేను. మీకు గుర్తుందో లేదో. మీరు ప్లాంటు షట్‌డౌన్ పని అంటూ పొద్దున్నే వెళ్ళి రాత్రికొచ్చేవారు. పక్కింట్లో మాటాడే దిక్కు లేదు. పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకోబుద్ధి అయ్యేది కాదు. కన్నతల్లిని, ఎత్తుకోబుద్ధి అయ్యేది కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళాలంటే భయమేసేది. పిల్ల కోసం కాదు, నా కోసం. అది తగ్గడానికి రెండేళ్ళు పట్టింది. తగ్గిందో లేదో మీ అమ్మగారు రెండోదెప్పుడు అని మొదలుపెట్టారు. మీరూ సంతోషంగా ఊ కొట్టారు. నాకు చెమటలు పట్టేశాయి.”

“నాతో అనాల్సింది.”

“ఏమనను? మీకు కావాలని మొహంలో కనబడుతూ ఉంటే ఏమనను? ఒక్కదాన్నే ఇక్కడికే, ఈ వక్రా క్లినిక్‌కే వచ్చాను. డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పి ఏడ్చాను. కాగితం రాసింది. కౌంటర్లో అమ్మాయి కార్డు చూసి, దీనికి రాదు మేడమ్ అంది. చేతిలో డబ్బు లేదు. మీరిచ్చినప్పుడే నా దగ్గర ఉండేది. ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు అదే అమ్మాయి ఫోన్ చేసింది, అప్రూవల్ వచ్చింది, రండి అని. వెళ్ళి చూస్తే కాగితంలో బ్లీడింగ్ అని ఉంది. నాకర్థమైంది. డాక్టరమ్మ జాలిపడి మార్చిందనుకున్నాను. దేవుడే దారి చూపించాడనుకున్నాను.”

“దేవుడే.”

“తర్వాత లలితకుమారిగారు ఏడిస్తే నేనే చెప్పాను, బ్లీడింగ్ అనండి వస్తుంది అని. ఆవిడ మోనికాకి చెప్పింది. మోనికా ఆఫియాకి చెప్పింది. ఆ ఖయ్యూమ్ వెతుకుతున్న మొదటి కేసు నేనేనండీ. నాతోనే మొదలైంది. తప్పు నాది. ఆదివారం వెళ్ళి చెప్పేయండి, మా ఆవిడ చేసిందని. మీరు అమాయకులని అందరూ ఒప్పుకుంటారు. మీ ఉద్యోగం పోదు. వాళ్ళు నన్నేం చేస్తారు, కార్డు తీసుకుంటారు, తీసుకోనీండి. దాని తర్వాతైనా పాలసీలో ఆ లైను కొట్టేయమని అడగండి.”

“టీ చల్లారిపోతోంది.”

“ఇంతసేపు చెప్తే ఇదా మీరనేది? తిట్టండి. కోపం రావట్లేదా? మీకు పుట్టాల్సిన బిడ్డని నేను పుట్టనివ్వలేదండీ. పైగా ఆ ప్రార్థనకి శుక్రవారం శుక్రవారం తలొంచి ఆమేన్ కూడా అన్నాను. ఏదో ఒకటనండి. ఏడుపొస్తోంది నాకు.”

“ఏడవకు. సీటు బెల్టు పెట్టుకో.”

“ఆదివారం నా పేరు చెప్తారా?”

“చెప్పను.”

“అదిగో! మళ్ళీ మొదటికే. మళ్ళీ ఫైల్లో పెడతారు.”

“పెట్టను. లూపుకి ఇమ్మని అడుగుతాను. అడుగుతాన్లే కాదు, అడుగుతాను. పేరడిగితే నా పేరు చెప్తాను.”

“మీ పేరేంటండీ? మీరేం చేశారు? ఉద్యోగం పోతుందని ఇప్పుడేగా అన్నారు!”

“ఆ డాక్టరమ్మ నీ కాగితంలో ఉన్నదున్నట్టే రాసింది, ఎవాంజెలిన్. రిజెక్టయి ఆ సాయంత్రమే నా టేబుల్ మీదకొచ్చింది. క్లినిక్‌కి ఫోన్ చేసి బ్రతిమాలి, బ్లీడింగ్ అని మార్పించింది నేనే.”